కుడికి కొన, ఎడమకు ఈక

మా అన్నయ్య ఇల్లుగి కూర్చుని కాఫీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. పంచదార బిళ్ల పళ్ల మధ్య ఇరికించుకుని, కప్పు చేత పట్టుకుని, కిటికీ దగ్గరికి ఒకసారి, తలుపు దగ్గరికి ఒకసారి నడుస్తూ తాగేవాడు. "వంటింట్లో గుర్రాన్ని కట్టేసుకున్నట్టుంది నా బతుకు" అనేది అమ్మ. పోయిన మార్చిలో అతను పోయాక తుంగ అని పిలిచే మా ఇంట్లో నా కంటికి మొదట కనిపించింది నేలే. కిటికీకీ తలుపుకీ మధ్య చెక్క మీద రంగు పోయి, గొర్రెలు నడిచిన కొండవాలులా బాట పడింది.

ఇరవైరెండేళ్లు అతను కల్దా హ్రెప్పుకు పెద్ద. ఇప్పటి పిల్లలకు హ్రెప్పు అంటే ఏమిటో చెప్పాల్సి వస్తోంది. మాకు అది గాలీ నీరూ లాంటిది. నది ఇవతల ఒడ్డున ముప్పై ఒక్క ఇళ్లు, ఒక బడి, ఒక చర్చి, ఒక రాతిదొడ్డి, అందరికీ కలిపి ఒక కొండ. అంతే హ్రెప్పు. ఎవరి ఇల్లు కాలినా, ఎవరి ముసలితల్లికి దిక్కు లేకపోయినా, ఎక్కడ నక్క తిరిగినా, ఏ దారి మంచులో పూడుకుపోయినా హ్రెప్పే చూసుకోవాలి. హ్రెప్పు అంటే ఫోనెత్తే మనిషి. ఫోనెత్తేవాడు మా అన్నయ్య. ముప్పైరెండేళ్ల వయసులో అతన్ని ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారనడం కూడా పెద్ద మాటే. ఆ రోజు సభలో మిగతావాళ్లందరూ బెంచీల మీద కూర్చుని ఉంటే, గోడ దగ్గర నిలబడి ఉన్నవాడు అతనొక్కడే. "లేచే ఉన్నావుగా, నువ్వే చెయ్యి" అన్నారట.

పెళ్లి చేసుకోలేదు. తీరిక లేదనేవాడు. నది అవతలి ఎయిరి నుంచి ఒకామె రెండేళ్లు చూసి చూసి, "నీతో సంసారం చెయ్యాలంటే నాకు బూట్లు కావాలి" అని వెళ్లిపోయింది. ఆ మాట అతనే నవ్వుతూ చెప్పేవాడు.

తొంభైల నడిమికి వచ్చేసరికి ముప్పై ఒక్క ఇళ్లు పందొమ్మిదయ్యాయి. నేను పాఠాలు చెప్పే బడిలో నలుగురు పిల్లలు మిగిలారు, అందులో ఇద్దరు ఒకే ఇంటివాళ్లు. నది అవతల ఎయిరి హ్రెప్పుదీ అదే గతి. రెండూ కలిసిపోవాలని రాజధాని నుంచి ఉత్తరాలు వచ్చేవి. అన్నయ్య మొదట ఆ ఉత్తరాలు పొయ్యిలో వేశాడు. రెండో ఏడు వెయ్యలేదు. మూడో ఏడు చలికాలమంతా జీపులో ఇల్లిల్లూ తిరిగి, కలవడమే మంచిదని తనే చెప్పాడు.

మా పొరుగింటి సోల్వీ అప్పటికే డెబ్బై దాటినవాడు. ముక్కుపొడి పీల్చి, తుమ్మి, తీరిగ్గా అన్నాడు. "ఏరా ఇల్లుగీ, నీకు కాళ్లు ఒక చోట నిలవవని ఊరును కూడా కదిలిస్తావా?"

"నలుగురు పిల్లలతో బడి నడవదు సోల్వీ."

"పిల్లలు లేరని పక్కవాళ్ల ఇంట్లో కాపురం పెడతామా! వాళ్లకెంతమంది ఉన్నారు?"

"ఆరుగురు."

"ఓహో! పెద్ద పట్నమే."

నేను వద్దని వోటు వేశాను. అతనికి తెలుసు. దాని గురించి మేం మాట్లాడుకోలేదు. ఇరవైయేడు మంది కావాలన్నారు, పందొమ్మిది మంది వద్దన్నారు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం బడి బల్ల మీదే కాగితాలు పెట్టి సంతకాలు చేశారు. అన్నయ్య నిలబడే సంతకం పెట్టాడు. కొత్తదానికి పేరు పెట్టడానికి కమిటీ వేశారు. ఇటువాళ్లకూ అటువాళ్లకూ అభ్యంతరం లేని పేరు కావాలి కనుక, నది పేరూ కాక, కొండ పేరూ కాక, ఎవరూ నోటితో పలకని పేరొకటి తేల్చారు.

ఆ తర్వాతే అన్నయ్య అస్తిమితం ముదిరింది. ఫోను మోగేది కాదు. మోగకపోయినా ఎత్తి చూసేవాడు. మంచు పడితే అలవాటు కొద్దీ తెల్లారగట్లే బయల్దేరి, దారి తవ్వే బండి అప్పటికే అవతలి నుంచి వచ్చి పోయిందని చూసి, తిరిగొచ్చేవాడు. వంతెన దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాడు. ఎందుకెళ్లావంటే, "బండి బాటరీ పడిపోకుండా" అనేవాడు.

అప్పుడొచ్చింది చెవిగంట్ల గొడవ.

మా గొర్రెలు వేసవి అంతా కొండ మీద కలిసి మేస్తాయి. సెప్టెంబరులో అందరం వెళ్లి కిందికి దింపి, రాతిదొడ్డిలో ఎవరివి వాళ్లు ఏరుకుంటాం. ఏది ఎవరిదో చెప్పేది చెవి. పుట్టిన కొద్ది రోజుల్లోనే కత్తితో గంటు పెడతాం. ప్రతి ఇంటికీ ఒక గంటు. అది తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది, పుస్తకంలో అచ్చవుతుంది. మాది కుడికి కొన, ఎడమకు ఈక. అంటే కుడిచెవి కొన అడ్డంగా తెగి ఉంటుంది, ఎడమచెవి ముందంచున ఏటవాలుగా లేపిన చిన్న పాయ నిలబడి ఉంటుంది. మా తాత థోర్గిల్స్ కోసింది అదే, నాన్న కోసింది అదే. నాన్నకు చివరి రోజుల్లో మా పేర్లు గుర్తుండేవి కావు. "నువ్వెవరింటి పిల్లవే?" అని నన్ను అడిగితే, "కుడికి కొన, ఎడమకు ఈక" అన్నాను. "ఓ, మన పిల్లే" అన్నాడు.

ఒకే కొండ మీద మేసే గొర్రెల్లో ఒకే గంటు రెండిళ్లకు ఉండకూడదు. నది హద్దుగా ఉన్నన్నాళ్లూ, దాని వెంట గొర్రెజబ్బు పాకకుండా వేసిన కంచె ఉన్నన్నాళ్లూ, అవతల ఎవరు ఏం కోసుకున్నా మాకు పట్టలేదు. వాళ్ల జిల్లా వేరు, పుస్తకం వేరు. ఇప్పుడు కంచె తీసేశారు. కొండ ఒకటైంది, దొడ్డి ఒకటైంది, పుస్తకం ఒకటి కావాలి. ఏప్రిల్ మొదట్లో గంట్ల పుస్తకం రాసే ఫిన్‌బోగి నుంచి ఉత్తరం వచ్చింది. అవతల నెస్‌లో ఉండే హెర్దిస్ గంటు కూడా కుడికి కొన, ఎడమకు ఈక. మే మొదటి శనివారం ఇద్దరూ ఆధారాలతో రావాలి, పాతదెవరిదైతే వాళ్లకే ఉంటుంది, రెండోవాళ్లు వేరే గంటు ఎంచుకోవాలి.

అన్నయ్య ఆ ఉత్తరాన్ని నిలబడి చదివి, నడుస్తూ చదివి, నా చేతికిచ్చాడు. "నేనే తెచ్చిపెట్టుకున్నాను" అన్నాడు.

"మనదే పాతది. తాత పేరు 1918 పుస్తకంలో ఉంది" అన్నాను.

"వాళ్లది?"

"చూద్దాంలే."

వాళ్లది 1930లో అచ్చయింది. అంతకుముందు పుస్తకం వాళ్ల హ్రెప్పు పెద్ద నది దాటుతుండగా గుర్రంతో సహా కొట్టుకుపోయిందని అందరికీ తెలిసిన కథే. గుర్రం దొరికింది, పెద్ద దొరికాడు, పుస్తకం దొరకలేదు. కనుక మాదే పన్నెండేళ్లు పాతది. నా మనసు కుదుటపడింది. అతనిది పడలేదు.

ఆ నెలలోనే హ్రెప్పు పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్ది జిల్లా భాండాగారానికి పంపాల్సి ఉంది. సమావేశాల హాలు వెనక గదిలో బీరువా నిండా పుస్తకాలు. నేను ఫ్లాస్కులో కాఫీ, పొగబెట్టిన మాంసం పెట్టిన రొట్టెలు తీసుకెళ్లాను. నేను నేల మీద కూర్చుని సర్దుతున్నాను. అన్నయ్య ఒక్కో పుస్తకం తీసి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పైకి చదివేవాడు. ఏ ఏట ఎవరి ఆవు బావిలో పడిందో, ఎవరి కుక్క ఎవర్ని కరిచిందో. నవ్వుకుంటున్నాం. చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాం.

ఉన్నట్టుండి నడక ఆగింది. తలెత్తి చూశాను.

"ఏంటన్నయ్యా?"

పుస్తకం నా ముందు పెట్టాడు. 1919వ సంవత్సరం, వసంతకాలపు సభ. రాత వంకరగా ఉన్నా తేటగానే ఉంది.

"తుంగ నివాసి థోర్గిల్స్ మనవి. అచ్చుపుస్తకములో తన గంటు తారుమారుగా పడినది. వ్రాసుకున్న వారు గొర్రెకు ఎదురుగా నిలిచి చూచినందున దాని కుడి వారికి ఎడమైనది. తన గంటు కుడికి ఈక, ఎడమకు కొన. సభవారు ఆలోచించి, పుస్తకము మరల అచ్చు వేయుట సాధ్యము కానందున, థోర్గిల్స్ ఈ వసంతము మొదలు పుస్తకములో ఉన్నట్లే కోయవలెనని, ఈ హ్రెప్పు ఉన్నంతవరకు దీని పొలిమేరలో అది అతని గంటుగా చెల్లునని తీర్మానించినారు."

నాకు మొదట నవ్వే వచ్చింది. పుస్తకం మార్చడం కన్నా గొర్రెల చెవులు మార్చడం తేలికని తీర్మానించిన సభ! గొర్రె వెనక నిలబడి, అది ఎటు చూస్తే అటే చూసి, కుడిచెవితో మొదలుపెట్టి గంటు చదవాలని మా దగ్గర ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఆ గుమస్తా ఎక్కడివాడో, ముందు నిలబడి మూతి చూస్తూ రాసుకున్నాడు. నవ్వి అన్నయ్య మొహం చూశాను. అతను ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

"ఉన్నంతవరకు" అన్నాడు.

"అయితే?"

"ఇప్పుడు లేదుగా."

"అన్నయ్యా, ఇది పాత రాత. ఎవరూ చదవరు. అచ్చులో ఉన్నదే లెక్క."

"మనం చదివాంగా."

"మనం చదివితే ఏమైంది? పెట్టెలో పెట్టి టేపు వేస్తాను. వందేళ్ల దాకా ఎవరూ తియ్యరు."

"నువ్వు పిల్లలకు ఇదేనా చెప్పేది?"

ఆ మాట నాకు తగిలింది. "నాకింక పిల్లలెక్కడుంటారు? వచ్చే నెల బడి మూసేస్తున్నారు, సంతకం పెట్టింది నువ్వేగా!" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అతను పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే హాలు చుట్టూ తిరుగుతున్నాడు. నేను సర్దడం అయ్యేదాకా తిరుగుతూనే ఉన్నాడు.

మే మొదటి శనివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట లేదు. గొర్రెలు ఈనే రోజులు దగ్గరపడుతున్నాయి. కొట్టంలో గడ్డి పరిచి, నీళ్లు పెట్టి, మళ్లీ పరిచేవాడు. కత్తి నూరేవాడు. మరునాడు మళ్లీ నూరేవాడు. ఏ గంటు కొయ్యాలో తెలియని కత్తి అది. బడి ఇంట్లో ఉండే నేను సాయంత్రాలు తుంగకు వచ్చి వంట చేసి పిలిస్తే వచ్చి, రెండు ముద్దలు నిలబడి తిని, జీపెక్కి వెళ్లిపోయేవాడు. ఎక్కడికంటే, "ఊరికే" అనేవాడు. చేపల పులుసు చల్లారి గడ్డకట్టేది. నాకు నిద్ర పట్టేది కాదు, పట్టినా కలలో చెవులే.

ఒకరోజు అడిగాను. "నాన్న ఉంటే ఏం చేసేవాడు?"

"నాన్నకు ఇది తెలిసే ఉంటుంది" అన్నాడు. "తాత చెప్పకుండా ఉంటాడా? తెలిసే, మనకు చెప్పలేదు."

"చెప్పలేదంటే చెప్పక్కర్లేదనేగా!"

"హ్రెప్పు పోతుందని వాళ్లనుకోలేదు ఓడ్నీ."

మీటింగ్ అవతలి ఒడ్డున, ఎయిరి వాళ్ల హాలులో పెట్టారు. బల్ల మీద కాఫీ, మెలితిప్పి వేయించిన తీపి క్లైనాలు. రెండు వైపుల నుంచీ ముప్పై మంది దాకా వచ్చారు. వాళ్లకు వేరే గొడవేం లేదు, చూడ్డానికొచ్చారు. హెర్దిస్ ముందు వరసలో కూర్చుంది. అరవై దాటిన మనిషి, పెద్ద చేతులు, మగవాళ్ల స్వెట్టరు. భర్త పోయాక ఇరవయ్యేళ్లుగా నూట ఎనభై గొర్రెలు ఒక్కతే చూసుకుంటోంది. అన్నయ్యను చూడగానే గొంతెత్తింది.

"ఏమయ్యా ఇల్లుగీ, నీ జీపు ఈ పది రోజుల్లో మూడుసార్లు నా గేటు దాకా వచ్చి తిరిగెళ్లింది. గొర్రెల్ని దొంగిలిద్దామనా, నన్నా?"

హాలంతా నవ్వింది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. "దారి చూద్దామని" అన్నాడు.

"గేటు తీసే ఉంది. లోపలికొస్తే కాఫీ ఇచ్చేదాన్నిగా. అయినా నువ్వు కూర్చోవటగా, నిలబడేవాళ్లకు పొయ్యడం నాకు చేతకాదు."

ఫిన్‌బోగి కళ్లద్దాలు సర్దుకుని రెండు పుస్తకాలూ తెరిచాడు. మెత్తని మనిషి, ఎవరికీ చెడ్డ చెప్పడం ఇష్టముండదు. హెర్దిస్ తన మాట చెప్పింది. ఆ గంటు తన అమ్మమ్మదనీ, ఆవిడ తల్లిదనీ, నదిలో పోయిన పుస్తకంలో ఉందనీ, కాగితం మాత్రం లేదనీ. "నాకు తెలుసు, మీకూ తెలుసు, నదికీ తెలుసు. సాక్ష్యం చెప్పమంటే నది రాదు" అంది. వెంటనే క్లైనా తీసుకుని కొరికింది.

"అచ్చులో చూస్తే తుంగ వాళ్లది 1918, నెస్ వాళ్లది 1930" అన్నాడు ఫిన్‌బోగి. "మరి... నియమం ప్రకారం..." పెన్ను తీశాడు.

నేను వెనక వరసలో ఉన్నాను. అన్నయ్య గోడ దగ్గర. నేను అతని కోటు జేబులో ఆ 1919 పుస్తకం ఎత్తుగా ఉబికి ఉండడం చూశాను. వద్దని తల ఊపాను. అతను నన్ను చూశాడు, చూడనట్టే ఊరుకున్నాడు.

"ఫిన్‌బోగీ, ఆగు. రాయకు" అన్నాడు.

ఆ పేజీ మొత్తం పైకి చదివాడు. "ఉన్నంతవరకు" అన్న దగ్గర రెండోసారి చదివాడు. పొయ్యి మీద కాఫీ కుండ ఒక్కటే గుడగుడమంది.

"ఓరి మూర్ఖుడా" అన్నాడు సోల్వీ. "గెలిచాక నోరు తెరిచినవాణ్ణి డెబ్బై మూడేళ్లలో నిన్నే చూస్తున్నా!"

ఫిన్‌బోగి గడ్డం గోక్కున్నాడు. "అది... హ్రెప్పులు కలిసినంత మాత్రాన తీర్మానాలు పోవేమో. దీన్ని రాజధానికి రాసి అడుగుదాం. ఇటుకూ చెప్పొచ్చు, అటుకూ చెప్పొచ్చు."

"గొర్రెలు వచ్చే వారం ఈనుతాయి. రాజధాని ఎప్పటికి చెప్తుంది?" అన్నాడు అన్నయ్య. "ఉన్నంతవరకు అని రాసుంది. ఇప్పుడు లేదు. లేదని సంతకం పెట్టింది నేనే. గంటు దగ్గరకొచ్చేసరికి ఉందని ఎట్లా అంటాను? హెర్దిస్‌కి రాసెయ్యి. మాది కుడికి ఈక, ఎడమకు కొన. అది ఎవరికైనా ఉందా?"

ఫిన్‌బోగి వేలితో వరసలు దిగుతూ చూశాడు. "లేదు. ఖాళీగానే ఉంది."

"ఎనభై ఏళ్లు ఎవరూ ముట్టలేదన్నమాట" అన్నాడు అన్నయ్య. నవ్వబోయాడు. రాలేదు.

హెర్దిస్ నోట మాట రాకపోవడం ఆ ఒడ్డువాళ్లు అదే మొదటిసారి చూడటమని తర్వాత చెప్పుకున్నారు.

వచ్చేటప్పుడు వంతెన మీద అన్నయ్య జీపు ఆపాడు. కింద మంచుగడ్డలు విరిగి కొట్టుకుపోతున్నాయి. "నీకు కోపం వచ్చింది" అన్నాడు.

"నాన్న గంటు ఇచ్చేశావు."

"నాన్నది అరువు గంటు."

"ఆ గంటు పేరు వినే నన్ను గుర్తుపట్టాడు" అన్నాను. మిగతా దారంతా నేను మాట్లాడలేదు. ఆ వేసవంతా మాట్లాడలేదు. ఈనే రోజుల్లో ఏటా తుంగకు వెళ్లి తోడుండేదాన్ని, ఆ ఏడు బడి సామాను సర్దుకోవాలని వెళ్లలేదు. ఆ నెలలోనే బడి మూసేశారు. సర్దుకోవాల్సిన సామాను నిజంగా ఉంది. అయినా అది సాకే.

అతను ఒక్కడే మూడు వారాలు రెండొందల పిల్లలకు పైగా గంటు పెట్టాడు. నలభై ఏళ్ల అలవాటున్న చెయ్యి అది. పిల్లను కాళ్ల మధ్య ఇరికించుకుంటే చాలు, ఎడమచెయ్యి కుడిచెవి పట్టుకునేది, కుడిచెయ్యి కొన తెంపేది. ఈసారి ఆ చేతిని ప్రతిసారీ ఆపాలి. నిద్ర లేదు, తోడు లేదు. తొమ్మిది పిల్లలకు తప్పు కోశాడు. కోసిన కొనను తిరిగి అతికించలేరు. కుడికి కొన, ఎడమకు ఈక పెట్టిన ఆ తొమ్మిది పిల్లలూ, చట్ట ప్రకారం, ఆ క్షణం నుంచి హెర్దిస్‌వి. తల్లుల చెవులకు పాత గంటే ఉన్నా, కొమ్ముల మీద మా హ్రెప్పు అచ్చు కాల్చి ఉంది కనుక వాటికి చిక్కు లేదు. పిల్లలకు కొమ్ములు ఇంకా రాలేదు. చెవికి గుచ్చే పసుపు బిళ్లలు అప్పటికి అందరూ వాడేవారు కాదు, మేము అసలే వాడలేదు.

ఈ సంగతి నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరులో దొడ్డి దగ్గర చూశాను.

రెండు ఒడ్ల గొర్రెలూ కలిసి దిగిన మొదటి ఏడు. వర్షం. గుండ్రటి రాతిదొడ్డి, నడుమ ఖాళీ, చుట్టూ ఇంటికొక గది. జనం పాటలు పాడుతున్నారు, సీసాలు చేతులు మారుతున్నాయి. అన్నయ్య నడుమన ఒక పిల్లను పట్టుకుని, చెవులు తడిమి, క్షణం ఆగి, నెస్ వాళ్ల గది వైపు ఈడ్చుకెళ్లడం చూశాను. అది మా బూడిదరంగు గొర్రె పిల్ల. నుదుటి మీద చుక్క తల్లిలాగే ఉంది, పోలిక చెప్పడానికి చెవి అక్కర్లేదు. తల్లి మా గదిలోంచి గోడ మీదికి ముందుకాళ్లు వేసి అరుస్తోంది.

హెర్దిస్ తన గది తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. "ఇది నాది కాదయ్యా."

"చెవి చూడు."

"చూశాను. నాలుగోది ఇది. పొద్దున్నుంచి మూడు తెచ్చి పడేశావు. నేను గుడ్డిదాన్ననుకున్నావా? తల్లి అక్కడ గొంతు చించుకుంటోంది. చెవి మాట వింటావా, తల్లి మాట వింటావా?"

"చెవి మాట వినకపోతే ఈ దొడ్డిలో ఎవరి గొర్రె ఎవరిది హెర్దిస్? ఇవాళ నా మొహం చూసి నువ్వు వదిలేస్తే, రేపు ఇంకెవడో మొహం చూసి ఇంకోటి వదలాలి."

"మొండి గాడిదా! నాకు గంటు ఇచ్చావు చాలదా, ఏటా కప్పం కూడా కడతావా?"

"ఏటా కాదు" అన్నాడు అన్నయ్య. "చెయ్యి నేర్చుకునేదాకా."

ఆమె అతని మొహంలోకి చూసింది. వాన నీళ్లు ముక్కు మీదుగా కారుతున్నాయి ఇద్దరికీ. చివరికి పక్కకు జరిగింది. అతను పిల్లను లోపలికి తోసి, ఐదోదాన్ని వెతకడానికి వెళ్లాడు. సాయంత్రం దాకా ఆ రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తొమ్మిదీ వెళ్లాయి. మా గదిలో తొమ్మిది తల్లులు అరుస్తున్నాయి. నేను వెళ్లి మా గది తలుపు పట్టుకున్నాను. "కొక్కెం గట్టిగా వెయ్యి, దూకుతున్నాయి" అన్నాడు అతను. వంతెన మీద మాటల తర్వాత మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

మరుసటి మేలో నేను తుంగకు వచ్చేశాను, బడి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు కనుక. మొదటి గొర్రె ఈనిన పొద్దున అన్నయ్య కొట్టంలోంచి పిలిచాడు. కత్తి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు.

"నువ్వు కొయ్యి. నీ చేతికి పాత అలవాటు లేదు."

నేను అంతవరకు ఎప్పుడూ కొయ్యలేదు. మా ఇంట్లో అది మగవాళ్ల పని, ఎవరూ అలా అని చెప్పకపోయినా. పిల్ల తడిగా, వెచ్చగా ఉంది. దాని వెనక మోకాళ్ల మీద కూర్చున్నాను. అతను నా వెనకాల గడ్డి మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. నాకు చిరాకేసింది.

"ఒక్క చోట నిలబడవయ్యా, చెయ్యి తెగుతుంది."

"నిలబడలేను. కుడికి?"

"ఈక."

"ఎడమకు?"

"కొన."

"కొయ్యి మరి."

కోశాను. చిన్న రక్తపు చుక్క గడ్డి మీద పడింది, పిల్ల తల విదిలించి తల్లి కిందికి దూరింది. అప్పటికే రెండోది పట్టుకొచ్చాడు. దానికీ అడిగాడు, మూడోదానికీ అడిగాడు. నూట తొంభై ఆరు పిల్లలకు నూట తొంభై ఆరు సార్లు అడిగాడు. నేను అన్నిసార్లూ చెప్పాను.